కింది వాటా

చీపురుకర్రతో పైకప్పు పొడుద్దామనే అనుకున్నాను మొదట.
రాత్రి తొమ్మిదిన్నర.
నా టీగ్లాసులో చెంచా
తనంతట తనే వణుకుతోంది.

గ్దాన్‌స్క్‌లో మా భవనం
కాంక్రీటుతో పోసిన అల.
వంపు మీద వంపు, అంతస్తు మీద అంతస్తు.
ఇక్కడ ఒకరు తుమ్మితే
మూడిళ్ళ అవతల చిరాయువంటారు.

మెట్లెక్కి తలుపు కొట్టాను.
గ్రాజినా తీసింది. డెబ్బై ఒకటో ఏడు,
ఓడల కార్ఖానాలో క్రేను నడిపిన చేతులు.
నేను నోరు తెరిచేలోపే తనే మొదలుపెట్టింది:
"దీంట్లో మంద్రం లేదయ్యా,
ఎంత పెంచినా రాదు."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు.
"మీ మంద్రమంతా మా ఇంట్లోనే ఉందమ్మా,
వచ్చి పట్టుకుపొండి" అన్నాను.

రికార్డు అట్ట చూపించింది.
కార్ఖానా క్లబ్బు డాన్సు బ్యాండు, డెబ్బై నాలుగులో.
వెనక వరసలో, తనకన్నా పొడుగైన డబుల్ బాస్‌ని
వాటేసుకుని నిలబడ్డవాడు జెనెక్, ఆమె అన్న.
అట్ట మీద అతని పేరులో ఒక అక్షరం తప్పు.
లోపల అసలు మనిషే లేడు.
ట్రంపెట్లున్నాయి, అకార్డియన్ ఉంది,
రెండో పాట చివర ఎవరో దగ్గారు, అదీ ఉంది.

బిస్కెట్ల డబ్బాలో మూడొందల నలభై జ్వోటీలు
కొత్త బాస్ పెట్టె కోసం దాచిందట.
దుకాణంవాడు చెప్పిన ధరకి
అందులో ఒక మూల కూడా రాదు.

ఆదివారం పనిలోకి దిగాం.
రోడ్డు బాగుచేసినవాళ్ళు వదిలేసిన కాలిబాట పలకలు రెండు
(దొంగతనమనకండి, మంచు కింద పడున్నాయి,
వాటి మీద ఎవరి పేరూ లేదు),
వాటి కింద సగానికి కోసిన టెన్నిస్ బంతులు.
మూలల్లో ఒదిగిన స్పీకర్లని
మొహమాటపు చుట్టాల్ని ముందుగదిలోకి పిలిచినట్టు
జానెడు జానెడు ముందుకి జరిపాం.
వెనక రంధ్రంలో ఉన్ని మేజోడు కుక్కి,
తీసి, మళ్ళీ సగమే కుక్కి.

అయినా సోఫాలో ఆమె మొహం అలాగే ఉంది.

గదిలోనూ అలలుంటాయి కదా,
అప్పుడు గుర్తొచ్చింది.
పోయేదీ వచ్చేదీ ఎదురుపడి
ఒకదాన్నొకటి మింగేసుకునే చోటొకటుంటుంది.
సరిగ్గా ఆ చోటు చూసి వేసుకుంది సోఫా,
నలభై ఏళ్ళ కిందట.

రికార్డు తిరుగుతుంటే
ఇద్దరం నేలమీద పాకాం.
బీరువా దగ్గర గొణుగుడు.
రేడియేటర్ దగ్గర కడుపుబ్బరం.
బల్లకింద ఏమీ లేదు,
ఎన్నడో పోయిన చెవిరింగు తప్ప.
తలుపు పక్కన, బూట్ల అర ముందు,
ఆమె ఆగిపోయింది.
అరచెయ్యి పైకెత్తింది,
క్రేను కింద అందర్నీ కదలొద్దనే సైగ.

"దిగుతున్నాడు" అంది,
"ఒక్కో మెట్టూ.
నాలుగో దాని దగ్గర ఆలస్యం.
ఎప్పుడూ అంతే వాడు, అందరూ తిట్టేవాళ్ళు."

నేనూ చెవి వంచాను.
మోత కాదది.
మోకాళ్ళ దగ్గర ఎవరో
తలుపు మెల్లగా మూసినట్టు.

ఇప్పుడామె కుర్చీ అక్కడే.
తడి బూట్ల వాసనలో, వేలాడే కోట్ల మధ్య,
రైలు కోసం కూర్చున్నట్టు కూర్చుంటుంది.
డబ్బాలోంచి తొంభై తీసి కొత్త సూది కొంది,
మిగతాదానికి మళ్ళీ మూతపెట్టింది.

పలకలూ బంతులూ మరీ బాగా పనిచేస్తున్నాయి.
నా పైకప్పు మూగబోయింది.
చెంచా ఎక్కడ పెడితే అక్కడే.
తొమ్మిదిన్నరకి టీ కలుపుకుని
ఒక్కోసారి స్టూలెక్కి చెవి ఆనిస్తాను.
నా వాటా నాకు రావట్లేదని
ఏ మొహం పెట్టుకుని అడగను?