బొటనవేలు

మంగమారిపేట. తెల్లారి ఆరు.
కాళ్ళకి రెక్కలు తొడిగి, వీపున సిలిండరుతో
వెనక్కి నడుస్తూ దిగాను సముద్రంలోకి.
"ఊపిరి మాత్రం ఆపకండి మేడమ్," అన్నాడు మైలపల్లి దానయ్య.
వాళ్ళ నాన్న ఊపిరి బిగబట్టే దిగేవాడట
ఈ రాళ్ళ మీదికే, ఆల్చిప్పల కోసం.

మూడు బారల లోతు.
నూనె తగ్గిన నా కుట్టుమిషన్‌లా
నా ఊపిరి నాకే వినిపిస్తోంది.
రాతి సందులో చారల చేపొకటి
నన్ను చూసింది, మళ్ళీ నాచు కొరుక్కుంది.
నలభై ఆరేళ్ళలో ఎవరూ
నన్నింత తేలిగ్గా వదిలెయ్యలేదు.

బాగుందని బొటనవేలెత్తాను.
నీళ్ళలో దానర్థం
పైకి పోదామని.
చెయ్యి పట్టి తెచ్చేశాడు.

ఎండ. భీమిలి బస్సు హారను.
"ఏటైంది మేడమ్?"
"ఏం కాలేదు. మళ్ళీ దించు,"
అన్నాను, పిడికిళ్ళు మూసేసుకుని.