ముల్లు

మొదటి రోజు బోర్డు మీద
"అందరి కోసం రూపకల్పన" అని రాసి కింద గీత గీశాను.
గీత వంకర పోయింది. ఎవరూ నవ్వలేదు.
ఆత్మకూరు పాలిటెక్నిక్, మూడో సంవత్సరం మెకానికల్,
నలభై ఒక్క మంది పిల్లలు, రెండు ఫ్యాన్లు,
తిరిగేది ఒకటి.

రెండు నెలలకు చెంచా తయారైంది.
చేయి వణికినా వణకని చెంచా.
పిడిలో మోటారు, మోటారుకు బ్యాటరీ,
బ్యాటరీకి ఒక ఎర్రదీపం.
దీపం ఎందుకురా అంటే
"బాగుంటుంది మేడమ్" అన్నాడు జిలానీ.

పాత చీరముక్కలో దాన్ని చుట్టుకుని
ఉదయగిరి బస్సెక్కాం,
పురిటిబిడ్డను చూపించడానికి పోతున్నట్టు.

కొండ కింద వీధిలో వెంగమ్మది రీఛార్జి కొట్టు.
పుట్టుకతోనే వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి,
కుడిచేతివి పూర్తిగా, ఎడమవి సగం.
నంబర్లు మణికట్టు ఎముకతో నొక్కుతుంది.
ఒక్క అంకె తప్పదు.
మా పిల్లలు టేపు పట్టారు:
పొడవు, మందం, ముడత కోణం.
సునందిని రాసుకుంది.
వచ్చినవాళ్ళకు చిల్లర లెక్క చెబుతూనే
ఆమె కొలవనిచ్చింది.

పప్పన్నం పెట్టాం. ఎర్రదీపం వెలిగింది.
పిల్లలు చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను, దాచడమెందుకు.

వెంగమ్మ నమిలి, మింగి, అడిగింది:
"నా చెయ్యి వణకతాదని ఎవురు చెప్పారు మీకు?
వణికేది ఆ పిల్లోడిది, చూడండి.
అయినా పప్పన్నం ఎవురడిగారు?
నాకు చేపల పులుసు కావాల.
మామిడికాయ వేసి, నిన్న కాచింది.
పదహారేళ్ళుగా మా వదినే
ముల్లు తీసి ముద్ద చేసి పెడతా ఉండాది.
ఒక్కనాడూ విసుక్కోదు.
విసుక్కుంటే పోట్లాడేదాన్ని, అదీ లేకపాయె.
నా ముల్లు నేను తీసుకోవాల.
గొంతులో ఇరుక్కుంటే ఇరుక్కోనీ,
అదీ నాదే."

తిరుగు బస్సులో ఎవరూ మాట్లాడలేదు.
నా సిలబస్‌లో ఐదు యూనిట్లు.
ఎక్కడా చేప లేదు.

మరుసటి వారం ఖాజాబీ దగ్గరికి పోయాం.
నర్దికొయ్యతో గరిటెలు చెక్కే మనిషి.
బొమ్మ గీసిన కాగితం చూపిస్తే పక్కకు తోసింది.
"తినే పిల్ల ఏదీ?"
వెంగమ్మ వచ్చి నేల మీద కూర్చుంది.
ఖాజాబీ టేపు తీయలేదు.
తన చేతిని ఆమె ముడుచుకున్న గుప్పిట్లోకి దూర్చి
"నొక్కు, ఎంత నొక్కగలవో చూస్తా" అంది.
"యా అల్లా, చాలమ్మా, ఇరగ్గొడతావా!"
ఆ బలం మా అంకెల్లో లేదు.

మొదటి పళ్ళెం అంచు ఎత్తెక్కువ.
రెండోది పులుసు కార్చింది.
మూడోది ఎండకు పగిలింది.
నాలుగోదానికి మధ్యలో గాడి, ముక్క జారకుండా.
మణికట్టుకు కట్టుకునే బద్ద ఒకటి,
కొస గోరంత సన్నం.
మోటారు లేదు.
దీపం కూడా లేదని జిలానీ రెండ్రోజులు అలిగాడు.

మార్కులు వేయడానికి వెంగమ్మను పిలుద్దామన్నాను.
ఆమె అర్హత ఏమిటన్నారు ప్రిన్సిపాల్.
"తింటుంది సార్."

ఆ రోజు ల్యాబు నిండా పులుసు వాసన.
సోమశిల బొచ్చె, ముళ్ళకు పేరుపడ్డ చేప.
ఆమె తొందరపడలేదు.
నలభై నిమిషాలు.
తీసిన ముళ్ళు అంచున పెడుతూ పోయింది,
నేను లెక్కపెట్టాను, పదిహేడు.
పద్దెనిమిదోదానికి దగ్గొచ్చింది.
అందరం లేచాం.
ఎడమచేయెత్తి ఆగమంది.
ఉత్త అన్నం ముద్ద ఒకటి మింగి, నీళ్ళు తాగి,
మళ్ళీ ముక్క మీదికి వంగింది.

పదికి ఆరు వేసింది.
"గాడి ఇంకొంచెం లోతు కావాల, రాసుకో"
అని సునందిని చేత రాయించింది.

రాత్రి ఫోన్ చేసింది.
వదిన అలవాటు కొద్దీ
ముల్లు తీసిన ముద్ద ఒకటి కలిపిందంట.
కలిపాక గుర్తొచ్చి
చేతిలో పట్టుకుని అట్లానే కూర్చుందంట.
"మరేం చేశావు?" అన్నాను.

"తిన్నా మేడమ్.
ఒక్క ముద్దే గదా."