ఎనిమిది కిలోమీటర్ల ఎండ

రామంతాపూర్‌లో మా అపార్ట్‌మెంటుకి
ఒకే ఒక్క వేపచెట్టు.
దాని నీడ కోసం పదకొండు కార్లు కొట్టుకుంటాయి.
నైట్‌డ్యూటీ దిగి వచ్చేసరికి
వాచ్‌మన్ బుచ్చయ్య అక్కడ ఇటుక పెట్టి ఉంచేవాడు, నాకోసం.
"రాత్రంతా రక్తం సంచులతోని కొట్లాడొస్తవు,
నీడ నీకే బిడ్డా."
వద్దన్నాను.
ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, గోడ కూడా జాలిపడని చోటు చూపించి
నాకు ఎండ కావాలన్నాను.
నెత్తి గోక్కున్నాడు.
మూడు రోజులు నా వంక అదోలా చూశాడు.

కారు నెత్తిన నల్లపలక.
ఇంకా పంతొమ్మిది కిస్తులున్నాయి దాని మీద.
అమ్మినవాడు చేతులు బారజాపి చెప్పాడు గానీ
సూర్యుడు పిసినారి.
మంచి రోజున ఎనిమిది కిలోమీటర్లు.
ఎనిమిదంటే
అంబర్‌పేట దాటి, నారాయణగూడ దాటి
లిబర్టీ సిగ్నల్.
అక్కడి నుంచి సోమాజిగూడ బ్లడ్‌బ్యాంకు దాకా
కరెంటాఫీసు దయ.

మే నెలలో ఇంకా వస్తుందనుకున్నాను.
రాలేదు. మరీ కాస్తే పలక కూడా సొమ్మసిల్లుతుందట
మనలాగే.
ముసురు పట్టిన వారమైతే
అలీ కేఫ్ చౌరస్తాకే చేతులెత్తేస్తుంది.
పావురాల రెట్ట ఒక అరకిలోమీటరు తింటుంది,
మెట్రో పనుల దుమ్ము ఇంకో అర.
తడిగుడ్డతో తుడుస్తాను
జ్వరం వచ్చిన నుదురును తుడిచినట్టు.

రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరతాను.
కర్టెన్లు బిగించుకుని నేను పడుకున్న మధ్యాహ్నం,
నేను చూడని మధ్యాహ్నం,
చక్రాల కింద చప్పుడు లేకుండా ఖర్చవుతూ ఉంటుంది.
ఆరేళ్లుగా పగటితో నా పరిచయం ఇంతే,
మీటర్లో అంకెలు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం
మీటరు ఒకటి చూపించింది.
ఒకే ఒక్క కిలోమీటరు.
వైరు తెగిందా, ఎలుకలు కొరికాయా అని దిగి చూస్తే
నల్లపలక మీద తెల్లపంచె,
పంచె మీద వరసలు తీరిన సగ్గుబియ్యం వడియాలు.

మూడొందల రెండు తాయారమ్మగారివి.
డాబా మీద కోతులట.
"నీ కారు మీద ఎండ ఇంకెక్కడా లేదమ్మా,
ఒక్క పూటకే గలగలమంటున్నాయి!"
అది ఎండ తాగే పలకండీ, అన్నాను.
"తాగనీ తల్లీ, వీటికెంత కావాలి?"

పంచాయితీ బుచ్చయ్యే తెంపాడు.
ఆదివారం నాకు సెలవు కాబట్టి ఆ ఎండ వడియాలకి,
మిగతా ఆరు దినాలు బండికి.
వేపచెట్టు కింద ఇటుక తీసుకొచ్చి
ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టాడు.
ఇప్పుడు అది ఎండకు కాపలా.

నిన్న తెల్లవారుజామున మూడింటికి
డోనర్ ఫారాలు పక్కకి జరిపి డబ్బా మూత తీశాను.
వేయించిన వడియాలు, ఎనిమిది. నిజంగానే ఎనిమిది.
ఇది తిలక్‌నగర్, ఇది కాచిగూడ వంపు
అనుకుంటూ ఒక్కొక్కటే పటపటలాడించాను.
ఆఖరిది నస్రీన్‌కి ఇచ్చాను.
లిబర్టీ సిగ్నల్ నములుతూ
ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువైందంది.