బూడిద నమూనా

నా ఉద్యోగం బూడిద.
ఎవరడిగినా అదే చెబుతాను, నవ్వుతారు.
సిలేషియాలో మా బొగ్గు ఊరికి జనవరి వచ్చిందంటే
గాలికి రంగొస్తుంది, రుచొస్తుంది,
నాలుక మీద పాత నాణెం పెట్టుకున్నట్టు.

నగరపాలక సంస్థ నాకిచ్చినవి
ఒక పొడుగాటి గరిటె, మూత బిగిసే రేకు డబ్బాలు,
ఐదు వందల జ్లోటీల దాకా రాయగల రసీదు పుస్తకం.
నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతని
రుజువు చేసుకు రమ్మని జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని.

ఈ సాయంత్రం గుర్నిచా వీధి, పదిహేడో నంబరు.
ఫోన్ చేసిందెవరో చెప్పకూడదు.
ఎదురింటివాళ్లే.
వాళ్లకి కొత్త గ్యాస్ బాయిలరుంది, మూడేళ్ల పిల్లకి ఉబ్బసముంది.

తలుపు తీసింది ఎల్ఫ్రిదా పియెచ్కా.
ఇంట్లోనే ఓవర్‌కోటు, దానిమీద శాలువా.
"బూట్లు విప్పకు నాయనా, నేల మంచుగడ్డలా ఉంది.
తెయోఫిల్ మనవడివి కదూ నువ్వు?"
అవునన్నాను. ఇక ఆ తర్వాత గరిటె బరువెక్కింది.

పొయ్యిలో పిల్లి పడుకునే ఇళ్లు చూశాను.
ఇక్కడ బీరువా పడుకుని ఉంది.
ఒక కాలు, సగం తలుపు,
వార్నిషు ఇంకా బుడగలు కడుతూ, పచ్చగా, ఘాటుగా.
"అలోయ్జ్ కోట్లుండేవి అందులో,
కోట్లు చర్చికిచ్చేశాక
ఖాళీ బీరువాకి గదెందుకు?"

మాకు శిక్షణ ఇచ్చినప్పుడు
కతోవిత్సే నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు.
బోర్డు మీద రెండు గీతలు గీశాడు, ఒకటి ఎక్కేది, ఒకటి దిగేది.
పొగ తగ్గించడానికయ్యే ఖర్చు ఇది,
పొగ వల్ల పోయేది ఇది,
రెండూ కలిసిన చోట సుద్దముక్క నొక్కి చుక్క పెట్టాడు.
అంతపాటి పొగ ఉండొచ్చన్నాడు.
ఆ చుక్కలో ఎవరు కాపురముంటారని అడుగుదామనుకున్నాను.
టీకి లేచారు.

ఊరి చివర కరెంటు కేంద్రం
తన పొగకి టన్ను చొప్పున అనుమతులు కొంటుంది.
ఆ ధర రేడియోలో చెబుతారు, చలి ఎంతో చెప్పాక.
ఎల్ఫ్రిదా పొగకి ధర లేదు, జరిమానా ఉంది.
ధర కట్టినవాడు రసీదు మడిచి దర్జాగా వెళ్తాడు.
జరిమానా కట్టినవాడు వీధిలో తల దించుకుంటాడు.
పొగకి ఈ తేడా తెలీదు.

"కొత్త బాయిలరుకి పథకం ఉందిగా" అన్నాను,
అలా అనమనే చెప్పారు మాకు.
సొరుగులోంచి కాగితాలు తీసింది, పద్నాలుగు పేజీలు,
పెన్సిలుతో నింపి, రబ్బరుతో చెరిపి, మళ్లీ నింపినవి.
ముందు నువ్వు కొనుక్కో, బిల్లు చూపించు, తర్వాత మేమిస్తాం.
మంచి పథకమే,
చేతిలో ముప్పై వేలున్న పేదవాళ్లకి.

డబ్బా మూత తీశాను.
అప్పుడే ఎదురింట్లోంచి దగ్గు వినిపించింది,
చిన్నది, తెగనిది, చాప చింపుతున్నట్టు.
ఇద్దరం ఆగాం.

"రాత్రి రెండింటికి ఎక్కువవుతుంది ఆ పిల్లకి" అంది.
"కిటికీలో దీపం వెలుగుతుంది కదా, తెలుస్తుంది.
వెలిగిందంటే నేను చెక్క వెయ్యను.
ఆరిపోయేదాకా అలాగే కూర్చుంటాను.
మొన్న నాలుగున్నరయింది."

ఈ సంగతి ఎదురింటివాళ్లకి తెలీదు.
చెప్పమంటారా అంటే వద్దంది,
చెబితే వాళ్లు దీపం వెయ్యడం మానేస్తారని.

ఫారంలో ఒక గడి ఉంది: తీసుకున్న చర్య.
ఆ గడిలో ఒక మాటే పడుతుంది.
వాకిట్లో వీధిదీపం కింద నిలబడి
చాలాసేపు కలం విదిలించాను, సిరా గడ్డకట్టిందనే అనుకోండి.

డబ్బా ఇంకా వేడిగానే ఉంది.
కోటు జేబులో పెట్టుకుని, దానిమీద చెయ్యి వేసుకుని నడిచాను.
సిగ్గేసింది.
చెయ్యి తియ్యలేదు.