నల్, నల్లా

రాత్రి పదకొండు. ఖైరతాబాద్ ఆఫీసుల
ఏసీ నీళ్లు చుక్కచుక్క బకెట్ల పడుతున్నయి.
నా రిపోర్టుల బోరబండ ఎండిపోయింది:
సగటున రోజుకు పదకొండు నిమిషాల నీళ్లు.

లైన్‌మన్ ఎల్లేశానికి ఫోన్ చేసిన.
నిద్రలనే నవ్విండు.
"సున్నా రాస్తే, మేడం,
నేను పోయిన, నల్లా తిప్పిన, గాలే వచ్చింది.
ఏం రాయకుంటే, గల్లీ తవ్విన్రు, నేను పోలే.
వచ్చినయో రాలేదో నాకేం ఎరుక?"

మా కోడ్‌ల ఆ ఖాళీ పేరు నల్.
నల్ ఉన్నకాడల్లా సున్నా నింపింది నేనే.
ఒక్క లైను. చాయ్ చల్లారకముందే.

లేదు వేరు. తెల్వదు వేరు.
రెండు తెల్వనివి పక్కపక్కన పెట్టి
సమానమా అని అడిగితే
డేటాబేస్ ఔననదు, కాదనదు,
సంబంధం నచ్చని ఇంటోళ్ల లెక్క.

ఆ లైను కొట్టేసిన.
సగటు నలభై రెండుకు లేచింది.
సంతోషపడబోయి ఆగిన.
పక్కన ఇంకో కాలమ్ పెట్టిన:
ముప్పై రోజులల్ల
ఎల్లేశం చూసినవి ఎనిమిదే.

ఆ ఎనిమిదిని బోల్డ్ చేసి,
నిండిన బకెట్
పారబోసి వచ్చిన.