కదలనివాళ్ల లెక్క

పర్లాకిమిడిలో కరెంటు బిల్లు ఒడియాలో వస్తుంది.
చూసి తిట్టుకోవడం మాత్రం తెలుగులోనే.
పోయిన వేసవిలో పదకొండు లక్షలు దాటితే
పాణిగ్రాహి సారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని
అదే అంకెను ఇంకోసారి చదివారు.

అంతకుముందు ఈ ఆసుపత్రికి మీటను నేనే.
రాత్రి పదింటికి తాళాలగుత్తితో బయల్దేరి
మనిషి లేని గదిలో తిరిగే ఫ్యానుని,
ఖాళీ థియేటర్లో ఎవరికోసమో వణికే ఏసీని
ఒక్కొక్కటే నోరు మూయించుకుంటూ
మూడంతస్తులు దిగేసరికి
వెనకాల ఎవరో మళ్లీ అన్నీ వేసేసేవారు.

ఇప్పుడు నేలమాళిగలో ఒక తెర ఉంది.
విశాఖ నుంచి వచ్చిన కుర్రాళ్లు
గోడల్లోంచి తీగలు లాగి, పైపులకి చెవులు తగిలించి
భవనం మొత్తాన్ని నా ఒళ్లో పెట్టి పోయారు.
పచ్చచుక్క నడుస్తున్నట్టు, బూడిదచుక్క పడుకున్నట్టు.
నీళ్లు ఎంత చల్లగా పోయి
ఎంత వెచ్చబడి తిరిగొస్తున్నాయో తెలుసు.
మందుల ఫ్రిజ్జు తలుపు ఏ వార్డులో ఓరగా ఉందో తెలుసు.
మహేంద్రగిరి మీంచి చలిగాలి దిగిన రాత్రి
చిల్లర్ తనంతట తనే ఆగిపోతుంది,
కొండ ఊరికే ఇస్తుంటే కొనుక్కోవడం ఎందుకని.
తొలినెల లక్షా ఎనభైవేలు తగ్గింది.
సారు అందరికీ ఛెనాపోడ తెప్పించారు.

ఆ తరవాతి వారం, రాత్రి ఒంటిగంటకి
రెండో అంతస్తు నడవాలో ఒక చుక్క
పచ్చన, బూడిద, పచ్చన, బూడిద.
సెన్సర్ పోయిందనుకుని నిచ్చెన పట్టుకెళ్లాను.

ఐసీయూ ఎదుట బల్లమీద సవర ముసలమ్మ.
గుమ్మా కొండల్నుంచి కోడల్ని తెచ్చుకుంది.
బిడ్డ బతికింది. తల్లికి రక్తం ఆగడం లేదు.
పది నిమిషాలు కదలిక లేకపోతే
ఆ నడవాలో మనుషులు లేరని మా లెక్క.
ఆమె కదలదు.
చీకటి పడగానే మాత్రం కుడిచెయ్యి పైకెత్తి
ఒక్కసారి ఊపుతుంది.
వెలుగొస్తుంది.
చెయ్యి ఒళ్లో పడుతుంది.

ఎవరు నేర్పారని అడిగాను,
తెలుగులో, తరవాత వచ్చీరాని ఒడియాలో.
నా నిచ్చెన కేసి చూసి అంది:
"పైన ఎవులో ఉన్నాడు.
నానున్నానో నేనో అడుగుతన్నాడు.
ఉన్నానని సెప్తన్నాను."

కిందికొచ్చి తెరముందు చాలాసేపు కూర్చున్నాను.
ఇక్కడ పరిగెత్తేది జీతాలవాళ్లమే.
ఈ సంగతి తీగల కుర్రాళ్లకి
నేనే చెప్పి ఉండాల్సింది.

ఆ బల్ల పైనున్న రెండు లైట్లని
లెక్కలోంచి తప్పించాను.
నెలకి పదకొండు యూనిట్లు.

నాలుగోనాడు బల్ల ఖాళీ.
ఏ గుమ్మంలోంచి వెళ్లారో నేనడగలేదు.
మార్చురీ చల్లగది చుక్క పచ్చగా ఉంది,
అది ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

నెలాఖరున సారు తెరమీద వేలుపెట్టి
"ఇదేంటి తవిటయ్యా, రాత్రంతా వెలుగుతోంది?" అన్నారు.
"అక్కడ మనిషుంటుంది సార్."
"ఇప్పుడెవరూ లేరుగా?"
"ఉంటారు సార్."