పేగు చూసేవాడు

రొయ్య పేగు చూడ్డం నా ఉద్యోగమండి.
రాత్రి పదకొండింటికి చెక్ ట్రే పైకి లాగి
టార్చి వెలుగులో ఒక్కోదాన్నీ వేళ్ళమధ్య పట్టుకుంటాను.
వీపులో నల్లదారం నిండుగా ఉంటే మేత పట్టినట్టు,
తెగితెగి ఉంటే రేపు సగం మేతే.
తెల్లగా ఉంటే
వర్మగారికి అప్పటికప్పుడు ఫోను.

మోటారు పేగు మాత్రం
ఎనిమిది నెల్లు చూడలేకపోయాను.

మోటారంటే మా కుక్క.
గుర్రుమంటే ఏరేటర్ ఆన్ చేసినట్టుండేది, అందుకని.
కేశనపల్లి చెరువుల గట్లన్నీ దానివే.
వినాయకచవితి ముందు పట్టుకుంది:
నీళ్ళలా వెళ్ళడం, జిగురు, ఒక్కోసారి నెత్తురు చార.
పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.
నేను లెక్కపెట్టాను కూడా.

మందులషాపు కుర్రాడిచ్చిన బిళ్ళలు
వేసినన్నాళ్ళూ కట్టేసేవి.
ఆపిన పదోరోజున గట్టు పొడుగునా మరకలు.
మళ్ళీ బిళ్ళలు. మళ్ళీ మరకలు.
"నువ్వు దానికి మందేస్తన్నావా, వాయిదా వేస్తన్నావా?"
అంది మా మరియమణి.

మలికిపురం పశువులాసుపత్రిలో
సుభాషిణి డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేశారు.
పురుగుల్లేవు. జ్వరం లేదు.
"పేగులోపల కోట్లమంది కాపురముంటారు, ఏసుపాదం,
కంటికి కనపడనివాళ్ళు.
నీ బిళ్ళలు మంచీచెడ్డా చూడకుండా ఊరు ఖాళీ చేయించాయి.
ఖాళీ ఇళ్ళలోకి ముందెవరొస్తారు?"

బ్లీచింగు కొట్టిన చెరువు నాకు తెలీదా?
అద్దంలా తేటగా ఉంటుంది, అడుగు కనపడతది,
ఆ నీళ్ళలో పిల్ల వదిలితే మూడోరోజుకి తేలుతుంది.
నీళ్ళకి రంగు రావాలి.
బెల్లం, తవుడు, ప్రోబయోటిక్ పొడి
నీలం డ్రమ్ములో రెండ్రోజులు పులిసి
మూత తియ్యగానే కల్లువాసన గుప్పుమనాలి.
"ఆ డ్రమ్ములోది ఓ గ్లాసు పట్టించమంటారా అండీ?"

"చెరువు మందు చెరువుకే. దీనికి ముందు కూడు మారుద్దాం.
పుట్టినకాణ్ణించీ ఇది తినని మాంసం ఏదైనా ఉందా?"

ఆలోచించాను. చేపలు, రొయ్యతలలు, కోడిచర్మం,
గట్టున చచ్చిన కొంగ, మేతబస్తాలో గుళికలు.
"మేకమాంసం," అన్నాను.
"అయితే అదే పెట్టు."
నేను మాట్లాడలేదు.
అది మా గుమ్మం తొక్కినకాణ్ణించీ
మా పొయ్యిమీదా ఉడకలేదండి అది.
ఆవిడ బల్లమీద పెన్ను అటూఇటూ దొర్లించి
"పోనీ, మీల్ మేకర్ పెట్టావా ఎప్పుడైనా?"

మెత్తటి అన్నం, ఉడకబెట్టి పిండిన మీల్ మేకర్,
ఆవిడిచ్చిన పొడి ఓ చెంచా.
ఇంకేదీ ముట్టకూడదు.
ముట్టకూడదంటే కట్టెయ్యాలి.
కట్టేస్తే నావైపే చూస్తది.
మట్టగిడస పులుసు జనరేటర్ గది వెనక నక్కి
దొంగలా తిన్నాను పన్నెండు రోజులు.
సబ్బేసి రెండుసార్లు కడుక్కుని దగ్గరికెళ్ళినా
నా వేళ్ళు వాసన చూసి
మొహం తిప్పేసుకునేది.

పదమూడో పొద్దున
చెక్ ట్రే పక్కనపెట్టి
టార్చితో గడ్డిలోకి వంగున్నాను.
గట్టిగా, గోధుమరంగులో, ఒక్క ముద్ద.
సూపర్‌వైజరు బండాపి
"ఏంటది, ఉంగరం పోయిందా?" అన్నాడు.
దొరికిందన్నాను.

మధ్యలో ఓసారి చెడింది. వర్మగారి మనవరాలు
క్రీము బిస్కెట్టు వేసింది, పాపం, ముద్దొచ్చి.
మళ్ళీ మొదటిరోజు.
డాక్టరమ్మ ముందే చెప్పారు
ఇది తీసి పారేసే జబ్బు కాదు,
కనిపెట్టుకుని ఉండాల్సిందేనని.
ఆయ్, కాపలా నాకేం కొత్త?

నిన్న రాత్రి నాలుగో చెరువులో నీటికుక్కలు దిగాయి.
ఏరేటర్ల హోరులో నాకు వినపడలేదు.
మోటారుకి వినపడింది.
ఎన్నాళ్ళకో గుర్రుమంది,
గొలుసు తెంపేసేలా.
వదిలాను.
చీకట్లో ఆ చివరిదాకా అరుపు ఒక్కటే పరిగెత్తింది.
తిరిగొచ్చి రొప్పుతూ నా కాళ్ళమీద కూలబడితే
నోరు తెరిచి, టార్చి వేసి చూశాను,
పళ్ళసందున రొయ్యపెంకు ఏదైనా ఉందేమోనని.

లేదు.
నవారు మంచం కింద డబ్బా కూడా ఖాళీ.
తెల్లారాక పావుకిలో మీల్ మేకర్ తేవాలి.